వదిలేసిన మూల

తెల్లారేసరికి చెరువునిండా చేపలు గాలి కోసం నోళ్లు తెరుస్తూ పైకి తేలాయి. గట్టుమీద మరిదికి కాలు నిలవడం లేదు.

"మొన్న పాచికి మందు కొట్టాను వదినా. చేపలకేం కాదన్నాడు కొట్టువాడు!"

"చచ్చిన పాచి ఎక్కడికి పోతుందయ్యా? అడుగున కుళ్లుతోంది. ఆ కుళ్లే నీళ్లలో గాలంతా లాగేస్తోంది. సగం చెరువుకే కొట్టమని చెప్పలేదూ?"

"సగం పచ్చగా ఉంటే నలుగురూ నవ్వరూ?"

"ఏడాది కష్టం పోయాక నవ్వుతారులే! నీళ్లకి గాలి పట్టించే మోటారు వేశావా?"

"వేశాను. ఒక్క మోటారు ఏం చాలుతుంది?"

"మరి ఆ తూర్పు మూల చేపలు నిక్షేపంగా తిరుగుతున్నాయేం?"

"అక్కడికొచ్చేసరికి మందు అయిపోయింది. పాచి అలాగే ఉంది."

"ఎండెక్కితే ఆ పాచే గాలి వదులుతుంది. అన్నిటినీ అటు తోలుదాం, పద. ఆ చేతిలో డబ్బా ఏమిటి?"

అతను గభాల్న దాన్ని వీపు వెనక్కి దాచాడు.

"ఆ మూలకి కొడదామనే తెచ్చాను వదినా."