అంకె పలకని కాటా

పంతొమ్మిది వందల తొంభై రెండు జూలై ఒకటవ తేదీ, బుధవారం ఉదయం మన ఆరోగ్య విద్యా విభాగంలో క్షేత్ర సహాయకురాలిగా చేరి, ముప్పై మూడు సంవత్సరాలపాటు పిల్లల ఎత్తులూ బరువులూ చూసిన మన 'కాటా మేడమ్' గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. కొలువులో చేరింది కొలతల కోసమే అయినా, మనుషులను మాత్రం ఏనాడూ కొలవని వ్యక్తిత్వం వారిది.

తొలి పదేళ్ళు బక్కచిక్కిన పిల్లల కోసం ఇల్లిల్లూ తిరిగిన వారు, ఆ తరువాత పిల్లల్లో స్థూలకాయ నివారణకై కుటుంబాలకు నచ్చజెప్పే బాధ్యతను స్వీకరించారు. ఈ రెండో బరువే అసలు బరువు. బొద్దుగా ఉంటేనే ముద్దనుకునే ఇళ్ళలో తీపి పానీయాల సీసాలు తగ్గించమనీ, టీవీ ముందు పళ్ళెం పెట్టవద్దనీ, సాయంత్రాలు పిల్లలతోపాటు పెద్దలూ నడవాలనీ చెప్పబోతే, మీ పిల్లలు సన్నగా ఉన్నారని మా వాడి మీద పడ్డారా అని ఒక తల్లి తలుపు వేసేసింది. మేడమ్ గారు మరునాడు అదే తలుపు తట్టారు.

సర్వీసులో పన్నెండవ ఏట జరిగిన సంఘటన లేకుండా వారి ఉద్యోగ జీవితం చెప్పడం అసాధ్యం. అప్పట్లో మన పద్ధతి ఒకటుండేది. కాటా దగ్గర నిలుచున్నవారు అంకెను గట్టిగా పలకాలి, హాలు చివర బల్ల దగ్గర గుమాస్తా రాసుకోవాలి. ఒక బడిలో పదేళ్ళ దర్జీ గారి అమ్మాయి కాటా ఎక్కింది. గోలలో గుమాస్తాకు వినపడలేదు. మేడమ్ గారు రెండోసారి మరింత గట్టిగా చెప్పారు. "నలభై ఎనిమిదిన్నర!" వరుసలోని పిల్లలంతా ఆ అంకెను అందుకున్నారు. సాయంత్రానికి అదే ఆ పిల్ల పేరైపోయింది.

ఆరోనాడు దర్జీ గారు ఆఫీసుకొచ్చారు. పిల్ల అన్నం డబ్బా విప్పడం లేదనీ, తిన్నానని అబద్ధం చెబుతోందనీ, నిన్న బడిలో కళ్ళు తిరిగి పడిపోయిందనీ చెప్పి, "కారణం అడిగితే మీ అంకె చెబుతోంది మేడమ్" అన్నారు. మేడమ్ గారు తమను తామే ప్రశ్నించుకున్నారు: కాటా వేసిన చేయే కాటు వేసిందా?

వెంటనే పిల్లను వైద్యునికి చూపించారు. అటుపైన తొమ్మిది రోజులు ఆ ఇంటికి వెళ్ళారు. ప్రతి సాయంత్రం మెట్లెక్కేటప్పుడు, లోపల్నుంచి ఏడుపు వినపడుతుందేమోనని గడపలో ఆగి చెవి ఒగ్గేవారు. రెండోనాడు పిల్ల పుస్తకాల సంచిలో తండ్రి కొలత టేపు కనబడింది. రోజుకు మూడుసార్లు నడుముకు చుట్టుకుని చూసుకుంటోందట.

"తగ్గించమన్నదీ మీరే, తినమంటున్నదీ మీరే," అంది నాయనమ్మ. "తేల్చి చెప్పండి తల్లీ, నేను పొయ్యి వెలిగించాలా, ఆర్పాలా?"

వెలిగించమనీ, కానీ పిల్లకు వేరే వంట, వేరే నీతులు వద్దనీ, ఇంటిల్లిపాదీ ఒకేసారి ఒకే తిండి తినాలనీ చెప్పారు. దర్జీ గారు మిషన్ ఆపి కింద కూర్చున్నారు. పిల్ల మాత్రం పళ్ళెం వంక చూస్తూ అడిగింది:

"తింటే మళ్ళీ అరుస్తారు కదా?"

"అరవను. ఆ రోజు అరవడం నా తప్పు. నీ ఒంట్లో ఏ తప్పూ లేదమ్మా."

తొమ్మిదోనాడు పిల్ల చేయి పళ్ళెంలోకి వెళ్ళింది. ఎన్ని ముద్దలో లెక్కపెట్టకూడదని మేడమ్ గారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఆ నెలలోనే పై అధికారులతో పోరాడి, అంకెను పలకక చీటీ మీద రాసి, కవరులో పెట్టి తల్లిదండ్రులకే ఇచ్చే విధానాన్ని సాధించారు. అదే నేడు మన విభాగమంతటా అమలులో ఉన్నది. దర్జీ గారి కుటుంబం మరుసటి ఏడు ఊరు మారింది. ఆ పిల్ల ఇప్పుడెలా తింటున్నదో మేడమ్ గారికి తెలియదు. ఏ బడిలో పిల్లల వరుస చూసినా వారు ఒక్క క్షణం ఆగిపోవడానికి కారణం అదే.

మొన్న కొత్తగా చేరినవారు, మీ అంతటివాళ్ళం కావాలంటే ఏం చేయాలని అడిగారు. "పిల్లతో నోరు విప్పే ముందు కొంచెం భయపడండి, చాలు" అన్నారు వారు.

ఇరవై ఒక్క ఏళ్ళుగా ఒంటరిగా మోసిన ఆ భయాన్ని ఇకపై మాకు అప్పగించి, వారు కుటుంబసమేతంగా ఆయురారోగ్యాలతో, అభయంగా చిరకాలం జీవించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. మేడమ్ గారూ, భయపడటం మా వంతు. మీరు హాయిగా నిద్రపోండి.