రెండో అక్షరం

2004 జూన్, బళ్ళు తెరిచిన వారం. రాజమండ్రి దానవాయిపేటలో వరహాలక్ష్మి టీచరు గారి వసారా. చదువు ఒంటబట్టదని బళ్ళు వదిలేసిన పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని దారిలో పెట్టడం ఒకప్పుడు ఆవిడ పని. ఆరేళ్ళ తరవాత గుమ్మంలో వీరవేణి కనిపించగానే ఆవిడ చదువుతున్న పేపరు పక్కన పెట్టింది. తిట్టడానికే వచ్చి ఉంటుందనుకుంది, తినాల్సిన తిట్లే కదా అనుకుని కుర్చీ చూపించింది.

"కూర్చోమన్నానుగా. నిలబడే తిడతావా ఏంటి?"

"తిట్టడానికి రాలేదండి. ఒక ట్యూషన్ సంగతి అడుగుదామని."

"ట్యూషనా? నా దగ్గరా?"

"ఆయ్. మీ దగ్గరేనండి."

"గేటుకి బోర్డు తీసేసి ఆరేళ్ళయింది వీరవేణీ. చూళ్ళేదా?"

"బోర్డులు నేను పెద్దగా చూడనండి."

"మరి ఇల్లెలా పట్టుకున్నావు?"

"సన్నజాజి పందిరి గుర్తండి. పందిరిల్లు, పందిరిల్లు అనేది కదండి దుర్గ."

"ఆ పేరు నా ముందు అంత మామూలుగా అనకమ్మా."

"నా కూతురి పేరండి. మామూలుగా కాకపోతే ఎలాగంటాను?"

"నిజమే. మంచినీళ్ళు తాగు. ఇంతకీ ట్యూషన్ ఎవరి పిల్లకి?"

"మా ఇంట్లోదేనండి."

"దుర్గాశ్రీ తరవాత నీకు పిల్లల్లేరన్నారే."

"లేరండి. ఇంట్లోదన్నాను గానీ నా పిల్ల అన్లేదు కదండి."

"మీ ఆడపడుచు కూతురా?"

"అలాగే అనుకోండి."

"అనుకోవడమేంటి? ఏ తరగతి?"

"అయిదు దాకా చదివిందండి. తరవాత మానిపించేశారు, మొద్దని."

"ఆ మాట ఈ ఇంట్లో అనకూడదు."

"తెలుసండి. 'మొద్దుని కాదమ్మా, నాది చుట్టుదారి, అంతే. టీచరుగారు చెప్పారు' అని వీధంతా చాటింపేసేది మా దుర్గ."

"సరే, సరే. ఆ పిల్లకి కష్టం ఏంటో చెప్పు."

"అక్షరాలు నిలబడవండి. ఒకటి పోల్చుకునేలోపు పక్కది జరిగిపోద్ది. మొదటిది పట్టుకుని మిగతాది ఊహించేస్తది. పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకెళ్తే పాల సంగతే గుర్తుండదు. నాలుగు పనులు చెబితే నాలుగోది ముందు చేసి, రెండోది రెండుసార్లు చేస్తది."

"పాలు కాస్తోందా? ఎన్నేళ్ళు దానికి?"

"పెద్దదేనండి. మొన్న మా అత్తగారికి మాత్రలు తారుమారు చేసేసింది. సుగర్‌ది అనుకుని బీపీ మాత్ర రెండుసార్లు ఇచ్చేసింది. రెండ్రోజులు ఆసుపత్రిలో ఉంచాం. గండం గడిచింది."

"పిల్ల చేతికి మాత్రలెందుకిచ్చారు?"

"దానికి చదవడం రాదని ఇంట్లో ఎవరికీ తెలీదు కదండి."

"మీ ఆయనకి కూడానా?"

"ఆయనకీ తెలీదండి. కళ్ళజోడు మర్చిపోయాననో, తల నొప్పనో చెప్పి తప్పించుకుంటది."

"కళ్ళజోడు కూడా ఉందా?"

"ఉందండి. ఉత్తద్దాలే."

"పాపం, ఎన్ని పాట్లు పడుతోందో. కానీ నేను చెప్పలేనమ్మా. కాకినాడలో ఒకావిడ ఉన్నారు, మద్రాసులో నాతోనే ట్రైనింగ్ అయ్యారు. ఉండు, అడ్రసు రాసిస్తాను."

"రాయకండి. నోటితో చెప్పండి చాలు."

"నోటితో చెబితే గుర్తుంటుందా?"

"ఉండదండి. అయినా కాకినాడ ఎందుకు, మీరే చెప్పండి. దుర్గకి మీ దగ్గరేగా వచ్చింది."

"రాలేదు. వస్తే ఆ బస్సెక్కేదా?"

"టీచరుగారూ..."

"లేదు, విను. ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేదు, నీకే చెప్పాలి. శనివారాలు ఇక్కడికి వచ్చేటప్పుడు మీ మండపేట స్టాండులో బోర్డంతా చదవలేక ఏడ్చేది మీ అమ్మాయి. మొదటి అక్షరం పట్టుకో చాలు, రా కనిపిస్తే రాజమండ్రి అని నేర్పాను."

"తెలుసండి. ఆ రోజు ఇంటికొచ్చి నాకూ నేర్పింది. గోడ మీద బొగ్గుతో రాసి మరీను."

"అక్కడ రావులపాలెం బస్సు కూడా ఆగుతుందని నాకు తెలీదా? తెలుసు. తెలిసే, రెండో అక్షరం పై శనివారం చెబుదాంలే అనుకున్నాను. చిన్న బుర్ర, ఒకేసారి రెండు బరువులెందుకని. పై శనివారం పొద్దున్నే ఆ బస్సు ఊరు దాటి కాలవలో పడింది. టిక్కెట్లు కూడా కొట్టలేదట. కొట్టుంటే కండక్టరన్నా దింపేసేవాడు."

"ఆయ్. కొట్టలేదటండి."

"ఇప్పటికీ బస్సెక్కలేను. కోరుకొండ వెళ్ళాలన్నా ఆటోనే. కళ్ళు మూస్తే చాలు వచ్చి కూర్చుంటుంది, ఇదిగో నువ్వు కూర్చున్న చోటే. 'రా తరవాత ఏంటి టీచర్' అంటుంది. చెబుదామని నోరు తెరుస్తాను, మాట రాదు."

"మా ఇంటికీ వస్తదండి."

"ఏమంటుంది?"

"వదిలేయండి."

"అందుకే చెబుతున్నాను, ఇంకో పిల్లని నా చేతుల్లో పెట్టకు. నాకు భయం."

"నాకూ భయమేనండి. మొన్న మా అత్తగారు బతికారు. ఈసారి ఎవరో? చదవడం రాకపోతే ఇంకొకళ్ళని చంపుకుంటాం."

"చంపుకుంటాం ఏంటి, ఆ మాటలు... ఆగు. నీ కొంగుకి ఆ ముళ్ళేంటి?"

"మీ పద్ధతేనండి. పనికో ముడి. పని అయితే విప్పెయ్యడం."

"దుర్గాశ్రీ జడ రిబ్బనుకి నేర్పాను. మూడేస్తే మీ ఆయన నవ్వారు, 'పిల్లకి అప్పుడే మూడుముళ్ళేంటండీ' అని."

"నాకు దుర్గ నేర్పిందండి. పొద్దున్న మూడేసుకుని బయల్దేరాను. ఒకటి మీ ఇల్లు వెతకడం, రెండు ట్యూషన్ అడగడం."

"నువ్వెందుకు ముళ్ళేసుకోవడం? వీరవేణీ, ఇటు చూడు. ఈ పేపర్లో ఈ హెడ్డింగు చదువు."

"కళ్ళజోడు తేలేదండి."

"కళ్ళజోడా? ఉత్తద్దాలదా?"

"అలా చూడకండి టీచరుగారూ."

"ఆ పిల్ల నువ్వేనా?"

"ఆయ్."

"ఇన్నేళ్ళూ..."

"సంతకం బొమ్మలా గీస్తానండి. అందరూ చదువొచ్చనే అనుకుంటారు. దుర్గకొక్కదానికే తెలుసు. నా పోలికే వచ్చింది కదండి, కనిపెట్టేసింది. మీ దగ్గర నేర్చుకున్నదంతా పెరట్లో నన్ను కూర్చోబెట్టి చెప్పేది. నాకు మీరు నేర్పక్కర్లేదనుకునేదాన్ని, నా టీచరు ఇంట్లోనే ఉందని."

"అప్పుడే నాతో ఒక్క మాట చెప్పకపోయావా తల్లీ."

"సిగ్గండి."

"రేపట్నించి రా. లేదు, రేపెందుకు, ఇప్పుడే మొదలుపెడదాం. పలక ఎక్కడో ఉండాలి. దేవుడి దయ, నాకు ఇంకో అవకాశం. ఎందుకేడుస్తావు? చెబుతానంటున్నానుగా."

"మూడో ముడి ఇంకా విప్పలేదండి. అది విన్నాక చెబుతారో లేదో చూసుకోండి."

"ఏంటది?"

"ఆ శనివారం దుర్గని స్టాండు దగ్గర వదిలేసి ఇంటికొచ్చేశానని అందరికీ చెప్పానండి. పోలీసులకీ, ఆయనకీ, మీకూ."

"అవును. ఒక్కతే ఎక్కిందనీ, బోర్డు చూసి పొరపడిందనీ."

"అది పొరపడలేదండి. రెండో అక్షరం దానంతటదే కూడబలుక్కుంది. 'ఇందులో జ లేదమ్మా, ఇది మన బస్సు కాదు' అని కిందే నిలబడిపోయింది. 'రా ఉంది కదే, ఎక్కు' అని రెక్క పట్టుకుని ఎక్కించింది నేనండి."