రెండు రంగుల సినిమా

సిడ్నీలో పాత సినిమా రీళ్లు బాగుచేసే ఆఫీసు. టీ గదిలో గుంటూరు వైపు నుంచి వచ్చిన కుర్రాడూ, అతను అక్కా అని పిలిచే సీనియరూ.

"అక్కా, పిల్లల నవల మీద తీసిన ఓ మూకీ సినిమాకి రంగులు సరిచేసే పని నాకిచ్చారు."

"మంచిదేగా! వందేళ్లనాటి కలర్ సినిమా, ఎంతమందికి దొరుకుతుందిరా?"

"అప్పటి కలర్ కదా, అందులో ఉన్నవే రెండు రంగులు. ఎరుపూ, ఆకుపచ్చా."

"అయితే?"

"నాకా రెండూ ఒకేలా కనిపిస్తాయి."

"వేళాకోళమా?"

"కాదక్కా. చిన్నప్పుడు మిరపచేలో పండుకాయలతో పాటు పచ్చివీ కోసేసేవాణ్ణి. ఒళ్లు దగ్గర పెట్టుకోవట్లేదని మా అమ్మ వీపు విమానం మోత మోగించేది."

"మరి ఇన్నాళ్లూ ఇక్కడెలా నెట్టుకొచ్చావు?"

"ఇన్నాళ్లూ అన్నీ బ్లాక్ అండ్ వైటేగా. ఇప్పుడు చెబితే ఉద్యోగం పోతుంది. వీసా దానిమీదే ఉంది."

"దాస్తే ఇంకా ముప్పురా. పద, మేనేజర్‌తో నేను మాట్లాడతా."

"పొద్దున్నే ఆవిడకి మొదటి సీను పంపేశానక్కా."

"ఓరి దేవుడా! ఏమంది?"

"గడ్డి ఎర్రగా ఉందేం, సాయంత్రం సీనా అంది."

"నువ్వేమన్నావ్?"

"అవునన్నా. ఇప్పుడు సినిమా అంతా సాయంత్రమే జరగాలి."