నాగుపాము బుట్టలో జెర్రిపోతు

పాములోళ్ళ మాచెమ్మకి ఒళ్ళు మండిపోయిందంట. ఎందుకు మండదు? ఇనండి చెప్తా. ఆ యమ్మకి వాళ్ళ నాయన పట్టిచ్చిన లేత జెర్రిపోతు ఒకటుండాది. మొగుడు సిద్దులుది నాగుపాము. దేని బుట్ట దానిది. వాళ్ళల్లో పాముని పట్టేటప్పుడు దానికి మాటివ్వాల, 'వానలు పడంగానే నీ పుట్ట కాడ నిన్ను వదుల్తా' అని. ఆ లోపల పాము సచ్చిందనుకో, ఎవరి తప్పువల్ల సచ్చిందో వాళ్ళు ఇంక జన్మలో బుట్ట ఎత్తకూడదు. ఆడదైనా అంతే, మగోడైనా అంతే. మాచెమ్మకి బుట్టే కూడు, బుట్టే పేరు.

ఏమైందంటే, రేపో మాపో వానలనంగా ఆ యమ్మకి జొరమొచ్చింది. సిద్దులు ఒక్కడే సంతకి బయల్దేరినాడు. రెండు బుట్టలు మొయ్యాలంటే బద్దకం. 'రెండూ పాములే గదమే, అన్నదమ్ముల మాదిరి పడుకుంటాయిలే' అని జెర్రిపోతుని తీసి నాగు బుట్టలో ఏసినాడంట! 'ఏమయ్యో, నాగుపాముకి పాము కూడా మేతేనయ్యా, తియ్యి' అని ఆ యమ్మ మంచంలోనించి అరస్తానే ఉంది. 'దానికి కడుపు నిండుండాదిలే. జొరమొచ్చి ఏందేందో వాగతాండావు, పడుకో' అని పోనే పోయినాడు.

సంతలో మూత తీస్తే ఏముంది? నాగు ఒక్కటే, నడుము ఉబ్బి, కదల్లేక పడుండాది. సిద్దులు ఇంటికొచ్చి కులపెద్ద ఓబులప్పతో ఏమన్నాడంటే, 'నా పెళ్ళాం మూత సరిగ్గా కట్టలేదు మామా, జెర్రిపోతు బయటికి జారిపోయి బండి కింద పడి సచ్చింది' అన్నాడంట. సూడండి ఆ నోరు! ఓబులప్ప ఇంకేమీ అడగలా. 'అయితే నువ్వింక బుట్ట ఎత్తొద్దు తల్లీ' అనేసినాడు.

మాచెమ్మ జొరంతోనే లేసింది. 'సరే మామా. ముందు ఆయన బుట్ట మూత తియ్యమను' అంది. సిద్దులు బుట్టకి అడ్డం కూసున్నాడు. 'నా పాముకి నలతగా ఉండాది, గాలి తగలకూడదు' అన్నాడు. 'నలతా? కడుపుతో ఉందేమో, సీమంతం చేద్దాం లెయ్!' అని ఒక్క తోపు తోసి మూత లాగేసిందంట. బెదిరిన పాము మేసింది కక్కేస్తుంది గదా, అందరి ముందరా కక్కింది. తోక ముందు, తల ఎనక. జెర్రిపోతే.

అప్పుడొచ్చినారండీ సర్దిచెప్పేటోళ్ళు! 'పోనీలేమ్మా, పాము తింటే ఆయనేం చేస్తాడు' అని. 'పాముని అన్నారంటే నాలిక కోస్తా. దాని ముందర మేతేసింది ఎవరు?' అంది మాచెమ్మ. ఓబులప్ప తలొంచుకుని, 'సిద్దులూ, బుట్ట ఎత్తొద్దురా' అన్నాడు. ఆ యమ్మకి మాత్రం ఎవరూ తప్పైందని చెప్పలా.

వానలు పడినాయి. నాగుని మాచెమ్మే తీసకపోయి దాని పుట్ట కాడ వదిలొచ్చింది. ఇప్పుడు కొత్త పాముతో ఆ యమ్మ ముందు పోతాంటే, సిద్దులు నాగసరం పట్టుకుని ఎనక నడుస్తాడంట, 'కాళ్ళు లాగతాండాయమే, నిదానంగా పో' అంటా. ఆ యమ్మ తిరిగి సూడదంట. నేనైతే ఇంకా బిరబిరా నడుద్దును.