కింద పడిన గింజ ఎవరిది?

“మామ్మా, దొంగతనాల మీద చట్టం గట్టిదైంది, కేంద్రం డబ్బులూ వచ్చాయి. మన వీధికి ఇరవై నాలుగు కెమెరాలని లెక్కగట్టి రాశాను. సాయంత్రంలోగా వార్డు ఆఫీసులో ఇచ్చెయ్యాలి. మహిళా సంఘం ప్రెసిడెంటువి, నువ్వో సంతకం పెడితే చాలు” అన్నాను, మల్కాపురంలో పైడమ్మ మామ్మ గుమ్మం మీద కూర్చుంటూ. ఆ తర్వాత మాట్లాడినదంతా మామ్మే.

ఇరవై నాలుగా? ఒరే, మన ఈదిలో ఇల్లే ముప్పై రెండు కదరా! నా ఇంటి ముందుందేటి? ఉందా? బాగున్నాది. పొద్దున్న నాను పళ్ళు తోంకోడం కూడా ఢిల్లీవోళ్ళు సూత్తారన్నమాట.

ఉండు, సంతకం ఎక్కడికీ పారిపోదు. ఏటది, ఫోన్లో రికార్డు సేత్తన్నావా? సెయ్యి సెయ్యి. ఇలగ దగ్గిరికొచ్చి కూకో.

సట్టం వొద్దనను నాను. మొన్న పూర్ణా మార్కెట్టులో మా కోడలి పుస్తెలతాడు లాగీసినాడు ఎవుడో ఎదవ. మెడ మీద గీత ఇంకా ఉన్నాది. ఆడు దొరికితే సట్టం దాకా ఎందుకు, నానే రెండు తగిలిత్తాను. గాని సట్టం గట్టిదైతే ఏటవుద్దో నాకు తెలుసు. నాను కేసులో పడినదాన్ని. నవ్వకు, నిజిం.

అప్పుడు నాకు ఇరవై రెండో ఏడు... కాదు కాదు, పెద్దోడు కడుపులో ఉన్నాడు, అంటే ఇరవై మూడు. నువ్వు లెక్కలోడివి కదా, నువ్వే సూసుకో. మన రేవులో ఓడల్లోంచి గోదుమ బస్తాలు దిగీవి. మా ఆయనా ఆళ్ళూ కలాసీలు, రైలు పెట్టెల్లోకి ఎక్కించీవోరు. బస్తా సిరిగి గింజలు రాలిపోయీవి. రైలెల్లిపోయాక మా ఆడోళ్ళం సీపుర్లట్టుకుని దిగీవోళ్ళం. దానికో పద్దతుంది మరి. నేల మీద పడినది సీపురుది. బస్తాలో ఉన్నది బస్తాది. ఎవత్తయినా బస్తా మీద సెయ్యేసిందా, మా అత్త దాన్ని గుంపులోంచి గెంటీసీది. మా అత్త నోరంటే రేవులో సైరనే. ఆ గోదుమని సెరిగి, కడిగి, ఎండబెట్టి రొట్టి సేసినా పంటికింద ఇసక కరకరలాడీది. బియ్యం అప్పుడు రూపాయికి... ఎన్నొచ్చీవో మర్సిపోయినాను. ఫోన్లో సూడకు, మా పూరింటి సంగతి దానికేటి తెలుసు?

అప్పుడొచ్చినాది కొత్త ఆర్డరు. గింజెత్తినా దొంగతనమే, బస్తా ఎత్తినా దొంగతనమే, రెండిటికీ ఒకటే కేసు. మాకెవుడూ సెప్పలేదు. నాను వొంగి ఊడుత్తన్నాను, ఎనకాల బూట్ల సప్పుడు. మూట లాక్కున్నారు. సీపురు మాత్రం నాను ఒదల్లేదు.

స్టేషన్ వరండాలో కూకోబెట్టినారు. హెడ్డు కానిస్టీబుకి మీసాలు పెద్దవి గాని మనిసి మెత్తన. నా మూటకి ముడేసి, ముడి మీద లక్క సీలేసి, బల్ల మీదెట్టి, “ఇది సాచ్చికం, కోర్టుకి పంపాల, ముట్టకు” అనీసి బోజనానికెల్లినాడు. ఆ మూటేటి, పాత సీర గుడ్డ. అడుగున సిరుగున్నాది. బల్ల మీంచి గింజలు జలజలా కింద పడిపోతన్నాయి. నేల మీద గోదుమ పడతంటే సూత్తా కూకుంటానేటి? సీపురు తీసినాను. వరండా అంతా సుబ్బరంగా ఊడ్సీసినాను. మూట ముట్టలేదు, పద్దతి పద్దతే! కింద పడింది కొంగులో కట్టీసుకున్నాను.

హెడ్డొచ్చీసరికి బల్ల మీద ఒట్టి గుడ్డ.

“సాచ్చికం ఏదే?”

“కింద పడిపోనాది బాబూ, ఊడ్సినాను.”

“ఒలే, స్టేషన్లోనే దొంగతనం సేసినావే!”

“దొంగతనమేటి బాబూ, మూట ముట్టినానా? సీలు సూసుకో.”

సూసుకున్నాడు. సీలు అలగే ఉన్నాది. గుడ్డకేసి సూత్తాడు, నా కొంగుకేసి సూత్తాడు, ఒక్కసారి నవ్వీసినాడు. నవ్వీసినాక ఇంకేటి రాత్తాడు కేసు? తిట్టి పంపీసినాడు.

నాను బయటపడ్డాను. అందరికీ నవ్వే హెడ్డు దొరకడు కదరా. మా తోటికోడలు అప్పలనర్స గుప్పెడు గింజలకి పదకొండు రోజులు జైల్లో ఉన్నాది, సంకలో పాలు తాగీ పిల్లతోటి. తిరిగొచ్చి ఏటన్నాదో తెలుసా? “అక్కా, గింజకీ బస్తాకీ ఒకటే జైలైతే, నడుం వొంచి ఊడ్సడం ఎందుకే?” అన్నాది. ఆ ఏడాది బస్తాలకి బ్లేళ్ళు పడినాయి. మా అత్త ఎంతరిసినా ఇన్నోళ్ళు లేరు. మేం గీసుకున్న గీత మేం సెరపలేదు నాయినా, ఆ ఆర్డరే సెరిపీసినాది.

ఆ బస్తాల దొంగతనం ఎప్పుడు తగ్గిందంటావా? పైనుంచి డబ్బులొచ్చి రైలు గేటు పక్కన రేకుల షెడ్డేసినారు. సిరిగిన గోనెలు కుట్టీ పని. సూది, పురికొస, వారం వారం కూలి. ముందుగా వొచ్చి కూకున్నది మా అప్పలనర్సే. సంచి సిరగలేదు, గింజ రాలలేదు, సీపురుకి పని పోనాది. ఆ హెడ్డు కూడా టీ తాగడానికొచ్చి, “నా సాచ్చికం బాగున్నాదా?” అని నన్నేడిపించీవోడు.

గాలివానకి ఆ షెడ్డు ఎగిరిపోనాది. మళ్ళీ ఎవుడూ ఎయ్యలేదు. ఇప్పుడు ఆటోనగర్నుంచి మన సంఘానికి కుట్టు పని ఇత్తామంటన్నారు, మిషన్లు పెట్టుకోడానికి జాగా లేదు. నీ కాయితంలో షెడ్డుందేటి? లేదు. ఇరవై నాలుగు కళ్ళున్నాయి, ఒక్క సెయ్యి లేదు.

అదిగో, నీ పెన్ను జారిపోనాది. ఆగాగు, వొంగకు! కింద పడింది కదా? నా గుమ్మంలో కదా? ఇంకది నాది.

ఏడుపు మొగం పెట్టకు. పన్నెండు కెమేరాలు కొట్టీ. మిగిలినవి మెయిన్ రోడ్డు మీదెట్టు, మా కోడలి మెడ మర్సిపోకు. ఆ పన్నెండు డబ్బులకీ షెడ్డు రాయి. ఏటీ, రేకులొత్తాయి గాని గోడ రాదా? ముందు నీడ రానీ, గోడ సంగతి తరవాత సూద్దాం. రాత్తావా? అయితే పెన్ను అరువిత్తాను, పట్టు.

అయినాదా? సదువు. ఊఁ... “కుట్టు షెడ్డు, ఒకటి.” మళ్ళీ సదువు. ఇటియ్యి ఇప్పుడు. పై... డ... మ్మ. సూసినావా? ఏలిముద్ర కాదు, సంతకం. ఆ గోనెల షెడ్డులోనే, కూలి పుచ్చుకుంటా నేర్సుకున్నాను.

పరిగెట్టు, ఆఫీసు మూసేత్తారు. సల్లగా ఉండు నాయినా. నీ లెక్క తప్పకూడదు, నీ సంచి సిరగకూడదు.

పెన్నా? ఇవ్వను. అది సాచ్చికం.