మామిడి షెడ్డులో సువర్ణరాజు మాస్టారి క్లాసు

ఏంటి కార్తీకూ, మీ కాలేజీలో కొత్త కోర్సా? ఇంజనీరింగ్ పిల్లలకి నాలుగు సబ్జెక్టులూ కలిపి ఒకే పద్ధతిలో చెప్తారా? ప్రారంభానికి పిలవడానికొచ్చావు, సంతోషం. కొత్తదని మాత్రం నా దగ్గర అనకు. నువ్వు లాగూలేసుకునే రోజుల్లోనే మా సువర్ణరాజు మాస్టారు అదే కాలేజీలో చెప్పారది. నేనప్పుడు కాలేజీ కమిటీ మెంబర్ని. నూజివీడులో ఈ వీరరాఘవయ్య దగ్గితే చాట్రాయిలో మామిడికాయ రాలిపడేదిలే, ఆ సంగతి పక్కనపెట్టు. మాస్టారేం చేసేవారంటే, బోర్డు మీద ఒక గీత గుండ్రంగా గీసేవారు. "గీత లోపలికి ఎంతొచ్చింది, బయటికి ఎంతపోయింది, లోపలెంత మిగిలింది? నీళ్లనడిగినా ఇదే, వేడినడిగినా ఇదే, కదలికనడిగినా ఇదే, కరెంటునడిగినా ఇదే. వేరే వేరేగా బట్టీ పట్టడం దేనికర్రా?" అనేవారు. పిల్లలకి తలకెక్కింది. నలుగురు హెచ్చోడీలకి, అదే డిపార్ట్‌మెంటు పెద్దలకి మాత్రం ఒళ్లు మండింది, మా సబ్జెక్టు లాక్కున్నాడని. మీటింగు పెట్టారు. విడివిడిగా చెప్తానని సంతకం పెట్టు, లేదా వెళ్లిపో అన్నారు. నేను బల్ల గుద్దానబ్బాయ్, టీ గ్లాసులు ఉంగుటూరు దాకా దొర్లాయి. అయినా ఓట్లలో ఆయన వైపు నేనొక్కణ్ణే. మాస్టారు పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకుని, "నాకు తెలిసింది ఒకటే శాస్త్రమండీ, నాలుగు లేవు" అని లేచొచ్చేశారు.

అప్పుడన్నాను, మాస్టారూ, నా మామిడి షెడ్డుంది, ఎవడాపుతాడో చూస్తానని. సాయంత్రం కాయల గ్రేడింగ్ అయిపోగానే ట్రేలు బోర్లిస్తే అవే బెంచీలు. ఓ పక్క బంగినపల్లి, ఓ పక్క రసాలు, ఆ వాసనలో క్లాసు. కాలేజీ వదలగానే పిల్లలు సైకిళ్లేసుకుని వచ్చేసేవాళ్లు, సగం జిల్లా అక్కడే ఉండేదనుకో. సరే, యాభై మంది. ప్రిన్సిపాలుకి తెలిసింది. ఓ రోజు తనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గొంతు ఎలా ఉండేదనుకున్నావ్, రేకు గీకినట్టు. "ఇక్కడ కూర్చున్నవాళ్లకి ఇంటర్నల్ మార్కులు సున్నా. ఇప్పుడు లేచినవాళ్లని క్షమిస్తాను." నేను, చెప్పుకోకూడదు గానీ, వాణ్ణి కాలర్ పట్టి బాపులపాడులో వదిలేసేవాణ్ణే. మాస్టారే కళ్లతో వద్దన్నారు. పిల్లలతో ఆయన అన్నది ఒకటే మాట: "వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లండమ్మా, నేనేమీ అనుకోను."

వెనకవరసలో మెర్సీ అని ఓ పిల్ల, టీచరమ్మ కృపావతి గారి కూతురు. క్లాసులో నోరు తెరిచి ఎరగదు. స్కాలర్‌షిప్పు మీద చదువుతోంది, మార్కులు పోతే చదువే పోతుంది. ఆ పిల్ల లేచింది. పుస్తకాలు గుండెలకి పట్టుకుంది. ఇంకేముంది, దీని వెనకే అందరూ అనుకున్నాను. ప్రిన్సిపాలు పక్కకి జరిగి దారిచ్చాడు కూడా. ఆ పిల్ల నడుచుకుంటూ వచ్చి, ముందువరసలో ఖాళీ ట్రే మీద కూర్చుని, "ఆ గీత దగ్గర ఆగామండీ" అంది.

మాస్టారు సుద్దముక్క తీసుకుని గోడ వైపు తిరిగారు. గీయలేదు. అలాగే నిలబడి... అలాగే...

ఆ ఫ్యాను కాస్త పెంచు నాన్నా, ఉక్కగా ఉంది.