చల్లబడ్డ చేతులు

ఐసీయూ బయట వరండాలో అన్న కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కప్పల గుండెల మీద పరిశోధన చేసే చెల్లెలు అతణ్ణి కూర్చోబెట్టలేకపోయింది.

“అమ్మ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయే. ఇప్పుడెక్కిస్తున్న ఆ మందు ఆపెయ్యమని డాక్టర్‌తో చెప్తా.”

“వద్దన్నయ్యా. పడిపోతున్న బీపీని నిలబెడుతున్నది ఆ మందులోని హార్మోనే. చేతుల్లో, కాళ్లలో రక్తనాళాల్ని బిగించి, రక్తాన్ని గుండెకీ మెదడుకీ మళ్లిస్తోంది.”

“నీకెలా తెలుసు?”

“కప్పల్లో దానికి తోబుట్టువులాంటి హార్మోన్ ఉంది. అదెక్కిస్తే వాటి కాళ్లు పాలిపోతాయి, బీపీ పెరుగుతుంది. రోజూ చూసేదేగా.”

“అమ్మా కప్పా ఒకటేనా నీకు?”

అంతలోనే అతను మెత్తబడ్డాడు.

“మరి... ఆ కప్పలు బతుకుతాయా?”

‘అన్నీ’ అనే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

“కొన్ని బతుకుతాయన్నయ్యా.”

“కొన్ని చాలు. ఆపమననులే,” అంటూ అతను బెంచీ మీద కూలబడ్డాడు.

ఇక ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు.